ఫోర్క్ చేశాక ఏది ఎవరి చేతిలో ఉంది?

మీ ప్రశ్నలో మూడు సమస్యలు ఉన్నాయి. మీ సీ ప్రోగ్రామ్ (పేరెంట్) ఫోర్క్ అనే కాల్‌తో తన నకలుగా ఒక చైల్డ్ ప్రాసెస్‌ను సృష్టించి, ఎగ్జెక్ అనే కాల్‌తో అందులో ఇంకో ప్రోగ్రామ్‌ను నడిపి, దాని ఔట్‌పుట్‌ను పైప్ (ఒక కొసలో రాసింది ఇంకో కొసలో చదివే గొట్టం) ద్వారా చదివి తిరిగి ప్రింట్ చేస్తోంది. టెర్మినల్‌లో నడిపితే అంతా సవ్యంగానే ఉంది. ఔట్‌పుట్‌ను ఫైల్‌లోకి మళ్లిస్తే మాత్రం "మొదలవుతోంది" అనే లైన్ ఒక్కోసారి రెండుసార్లు పడుతోంది. కొన్ని గంటలు నడిచాక ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కమాండ్‌లో డిఫంక్ట్ (ముగిసినా జాబితాలోంచి పోని జాంబీ) అంటూ వరసగా ప్రాసెస్‌లు కనిపిస్తున్నాయి. ఇక చైల్డ్ ఎక్కువ డేటా రాసినప్పుడు ప్రోగ్రామ్ మొత్తం కదలకుండా ఆగిపోతోంది. మూడింటికీ మూడు వేర్వేరు మందులు అడిగారు.

ఇలాంటి కోడ్ రాస్తూ, ఇతరులు రాసినదాన్ని సరిచేస్తూ చాలా ఏళ్లు గడిపాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ మూడు సమస్యలూ ఒకే చోట పుడుతున్నాయి. ఫోర్క్ పిలిచిన క్షణం నుంచి మీ ప్రోగ్రామ్‌లో ఉన్న ప్రతిదానికీ ఇద్దరు హక్కుదారులు వస్తారు. బఫర్‌లో ఇంకా బయటికి వెళ్లని అక్షరాలకు ఇద్దరు, తెరిచి ఉన్న ప్రతి ఫైల్ డిస్క్రిప్టర్‌కు (తెరిచిన ఫైల్‌ను, పైప్ కొసను సూచించే నంబరుకు) ఇద్దరు, పట్టుకుని ఉన్న లాక్‌కు ఇద్దరు. ఏది ఎవరు వాడాలి, ఎవరు మూయాలి, ఎవరు ముట్టుకోకూడదు అన్నది మీరే తేల్చాలి. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ఆ నిర్ణయం తీసుకోదు. ఫోర్క్ అనే లైన్ రాసే ముందు ఈ లెక్క మనసులో స్పష్టంగా ఉంటే మిగతా కోడ్ దాదాపు దానంతట అదే వస్తుంది.

ముందు ఫోర్క్ సంగతి. ఒకసారి పిలిస్తే రెండుసార్లు తిరిగొచ్చే ఫంక్షన్ ఇది. పేరెంట్‌లో చైల్డ్ పీఐడీ (ప్రాసెస్ నంబరు) వస్తుంది, చైల్డ్‌లో 0 వస్తుంది, విఫలమైతే పేరెంట్‌లోనే -1 వస్తుంది. మెమరీ మొత్తాన్ని అప్పటికప్పుడు కాపీ చేయరు. పేజ్ టేబుల్స్ (మెమరీ పేజీలు ఎక్కడున్నాయో చూపే పట్టికలు) మాత్రమే కాపీ అవుతాయి, అసలు పేజీలు ఇద్దరి మధ్యా ఉమ్మడిగా ఉంటాయి. ఎవరో ఒకరు రాయబోయినప్పుడు ఆ ఒక్క పేజీకి కొత్త కాపీ తయారవుతుంది. దీన్నే కాపీ-ఆన్-రైట్ అంటారు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన డెనిస్ రిచీ చెప్పిన ప్రకారం పీడీపీ-7 కంప్యూటర్ మీద నడిచిన తొలి యూనిక్స్‌లో ఫోర్క్ రాయడానికి సరిగ్గా 27 అసెంబ్లీ లైన్లు సరిపోయాయి. అంత చిన్న ఆలోచన కాబట్టే ఇన్నేళ్లు నిలిచింది. కానీ ఆనాటి ప్రాసెస్‌లో థ్రెడ్లు (ఒకే ప్రాసెస్‌లో సమాంతరంగా నడిచే పనులు) లేవు, పెద్ద లైబ్రరీలు లేవు, వందల కొద్దీ తెరిచిన డిస్క్రిప్టర్లు లేవు. ఇప్పుడు అవన్నీ ఉన్నాయి, అన్నీ ఫోర్క్‌తో పాటే వస్తాయి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు లూప్‌లో మూడుసార్లు ఫోర్క్ పిలిచి మూడు చైల్డ్‌లు వస్తాయనుకుంటారు. చైల్డ్ కూడా అదే లూప్‌లో మిగిలిన చుట్లు తిరుగుతుంది కాబట్టి మొత్తం 8 ప్రాసెస్‌లు తేలతాయి. చైల్డ్ చేయాల్సిన పని ఒక విడి ఫంక్షన్‌లో పెట్టి, ఆ ఫంక్షన్ ఎప్పటికీ వెనక్కి రాకుండా చూడండి. అది ఎగ్జెక్‌తో గానీ ప్రాసెస్ ముగింపుతో గానీ అక్కడే ఆగాలి. నేను నా కోడ్‌లో ఈ నియమాన్ని ఎప్పుడూ తప్పను.

-1ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఒక సర్వీస్ నిమిషానికి కొన్ని చైల్డ్‌లను పుట్టించేది. చనిపోయినవాటిని ఒక దారిలో సరిగ్గానే వెయిట్ చేసేవాళ్లం (ముగింపు స్థితిని అడిగి తీసుకునేవాళ్లం), ఒక ఎర్రర్ దారిలో మాత్రం మరిచిపోయాం. రోజుకు కొన్నేసి జాంబీలు పోగయ్యాయి. జాంబీ కూడా ఆ యూజర్‌కు అనుమతించిన ప్రాసెస్‌ల పరిమితిలో లెక్కకు వస్తుంది. ఒక రాత్రి ఆ పరిమితి నిండింది, ఫోర్క్ -1 ఇచ్చింది. ఆ విలువను ఎవరూ పరీక్షించలేదు, అది నేరుగా పీఐడీ అనే వేరియబుల్‌లో కూర్చుంది. కాసేపటికి టైమవుట్ కోడ్ లేచి, "చైల్డ్ ఇంకా ముగియలేదు, చంపెయ్" అని సిగ్నల్ పంపే కిల్ ఫంక్షన్‌ను -1తో పిలిచింది. కిల్‌కు -1 ఇస్తే, సిగ్నల్ పంపే అనుమతి మనకున్న ప్రాసెస్‌లన్నింటికీ అని అర్థం. లినక్స్‌లో పిలిచిన ప్రాసెస్‌కు మాత్రం ఆ సిగ్నల్ వెళ్లదు. అందుకని పొద్దున చూసేసరికి మా సర్వీస్ ఒక్కటే బతికి ఉంది. అదే యూజర్ కింద నడిచేవన్నీ పోయాయి. కారణం కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే ఆరోగ్యంగా కనిపించే ప్రోగ్రామ్‌ను ఎవరూ అనుమానించలేదు. 0 కూడా ప్రమాదమే. కిల్‌కు 0 ఇస్తే మన సొంత ప్రాసెస్ గ్రూప్ మొత్తానికి సిగ్నల్ వెళుతుంది. కాబట్టి పీఐడీ 0 కంటే పెద్దదని చూసుకోకుండా కిల్ పిలవవద్దు.

ఇక మీ రెండు లైన్ల వ్యవహారం. ప్రింట్ఎఫ్ రాసే అక్షరాలు నేరుగా కెర్నల్‌కు వెళ్లవు, ముందు సీ లైబ్రరీ బఫర్‌లోకి వెళతాయి. టెర్మినల్ అయితే లైన్ ముగియగానే బఫర్ ఖాళీ అవుతుంది. ఫైల్ గానీ పైప్ గానీ అయితే బఫర్ నిండేదాకా లోపలే ఉంటుంది. ఆ బఫర్ మీ ప్రాసెస్ మెమరీలోనిదే కాబట్టి ఫోర్క్‌తో పాటు దానికీ రెండో ప్రతి వస్తుంది. టెర్మినల్‌లో మీకు తేడా కనిపించకపోవడానికి కారణం ఇదే. అక్కడ ఫోర్క్ నాటికి బఫర్ ఖాళీగా ఉంది.

అయితే మీరు గమనించని విషయం ఇంకొకటి ఇక్కడ ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యం. ఎగ్జెక్ విజయవంతమైతే పాత మెమరీ అంతా తుడిచిపెట్టుకుపోతుంది, బఫర్ కూడా దాంతోనే పోతుంది. అప్పుడు రెండో లైన్ రానేకూడదు. వస్తోందంటే, ఆ సందర్భాల్లో మీ ఎగ్జెక్ విఫలమవుతోందన్నమాట. మీరు పెట్టిన కోడ్‌లో ఎగ్జెక్‌వీపీ తర్వాత మామూలు ఎగ్జిట్ ఉంది. అది బఫర్‌లను ఫ్లష్ చేస్తుంది, అంటే వాటిలో ఉన్నదాన్ని బయటికి పంపుతుంది. అప్పటికే మీరు డూప్2తో స్టాండర్డ్ ఔట్‌పుట్‌ను పైప్‌కు తిప్పారు కాబట్టి, పేరెంట్ రాసిన పాత లైన్ చైల్డ్ మాటగా పైప్‌లోకి వెళుతోంది. పేరెంట్ దాన్ని చదివి మళ్లీ ప్రింట్ చేస్తోంది. అంటే ఆ రెండో లైన్ మీకు చైల్డ్ పుట్టిన వెంటనే చచ్చిపోయిందని చెబుతోంది. ఫ్లష్ ఒక్కటి పెట్టి ఆ లైన్‌ను మాయం చేస్తే అసలు లోపం కంటికి కనిపించకుండా పోతుంది.

చేయాల్సినవి రెండు. ఫోర్క్‌కు ముందు ఎఫ్‌ఫ్లష్ పిలవండి. చైల్డ్‌లో ఎగ్జెక్ విఫలమైతే మామూలు ఎగ్జిట్ వద్దు, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఎగ్జిట్ వాడండి. అది సీ లైబ్రరీ బఫర్లను ముట్టుకోదు, ముగింపులో నడవాలని అట్‌ఎగ్జిట్‌తో నమోదైన ఫంక్షన్లను నడపదు. ఆ ఫంక్షన్లు పేరెంట్ కోసం రాసినవి. తాత్కాలిక ఫైళ్లను తీసేయడం లాంటి పనులు చైల్డ్ చేసిందంటే పేరెంట్ కాళ్ల కింద నేల జారిపోతుంది.

ఎగ్జెక్ ఎందుకు విఫలమైందో పేరెంట్‌కు ఎలా తెలియాలి? షెల్ ఆనవాయితీ ప్రకారం ప్రోగ్రామ్ దొరకకపోతే 127, దొరికినా నడపలేకపోతే 126 ఎగ్జిట్ కోడ్ ఇస్తారు. అది సరిపోయే చోట అదే వాడండి. కానీ నడిచిన ప్రోగ్రామే 127 ఇచ్చిందా, అసలు నడవనే లేదా అన్నది దీంతో తేలదు. కచ్చితంగా కావాలంటే మంచి పద్ధతి ఉంది. క్లోజ్-ఆన్-ఎగ్జెక్ ఫ్లాగ్‌తో ఇంకో పైప్ తెరవండి. ఎగ్జెక్ విఫలమైతే చైల్డ్ తన ఎర్నో (లోపం నంబరు) విలువను అందులో రాసి ముగుస్తుంది. ఎగ్జెక్ సఫలమైతే ఆ కొస దానంతట అదే మూసుకుపోతుంది, పేరెంట్‌కు రీడ్‌లో 0 బైట్లు వస్తాయి. 0 వస్తే ప్రోగ్రామ్ మొదలైంది, సంఖ్య వస్తే కారణం చేతిలో ఉంది. దీనికి కూడా పేరెంట్ తన దగ్గరున్న రాసే కొసను ముందే మూసేయాలి. చిన్న కోడే, నేను రాసే ప్రతి లాంచర్‌లోనూ పెడతాను.

ఎగ్జెక్ కుటుంబంలో ఏది వాడాలని అడిగారు. పేర్లలో ఎల్ అంటే ఆర్గ్యుమెంట్లు విడివిడిగా, వీ అంటే అర్రేగా, పీ అంటే పాత్‌లో వెతకాలని, ఈ అంటే ఎన్విరాన్‌మెంట్ మనం ఇస్తామని. అర్రే చివర నల్ ఉండాలి, మొదటి అంశం ప్రోగ్రామ్ పేరు కావాలి. సిస్టమ్, పీఓపెన్ మాత్రం బయటినుంచి వచ్చిన పదాలతో వాడకండి. అవి షెల్‌ను మధ్యలోకి తెస్తాయి. ఫైల్ పేరులో ఒక సెమీకోలన్ చాలు, ఎవరి కమాండో మీ హక్కులతో నడుస్తుంది.

ఇప్పుడు పైప్. మీ ప్రోగ్రామ్ గడ్డకట్టడానికి కారణం పేరెంట్‌లో మీరు రాసిన వరసే. ముందు చైల్డ్ ముగిసేదాకా ఆగే వెయిట్‌పీఐడీ పిలిచారు, తర్వాత చదువుతున్నారు. లినక్స్‌లో పైప్‌కు మామూలుగా పట్టేది 65,536 బైట్లు. చైల్డ్ అంతకంటే తక్కువ రాస్తే మొత్తం పైప్‌లో సర్దుకుంటుంది, చైల్డ్ ముగుస్తుంది, మీరు తీరిగ్గా చదువుకుంటారు. అంతకు మించితే రైట్ దగ్గర చైల్డ్ ఆగుతుంది, ఎవరైనా చదివితే తప్ప కదలదు. మీరేమో చైల్డ్ ముగిస్తే తప్ప చదవరు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. వరస తిప్పండి. ముందు రీడ్ 0 ఇచ్చేదాకా చదవాలి, ఆ తర్వాతే వెయిట్.

వరస తిప్పగానే ఇంకో చోట ఆగిపోతారని ముందే చెబుతున్నాను. మీ కోడ్‌లో పేరెంట్ రాసే కొసను మూయలేదు. పైప్‌లో రాసే కొస ఎక్కడో ఒకచోట తెరిచి ఉన్నంతకాలం చదివేవాళ్లకు ముగింపు రాదు. చైల్డ్ తన పని ముగించినా, పేరెంట్ తన చేతిలో ఉన్న రాసే కొసను తానే పట్టుకుని, దానిలోంచి ఇంకేదో వస్తుందని కూర్చుంటుంది. అందుకే మొదట్లో అన్నాను, ప్రతిదానికీ ఇద్దరు హక్కుదారులని. ఫోర్క్ అయిన వెంటనే పేరెంట్ రాసే కొసను మూయాలి, చైల్డ్ చదివే కొసను మూయాలి. చైల్డ్‌లో డూప్2 అయ్యాక అసలు నంబరు కూడా మూయాలి.

ఒకటి కంటే ఎక్కువ చైల్డ్‌లు ఉన్నప్పుడు ఇది ఇంకా చిక్కుగా మారుతుంది. మొదటి చైల్డ్ కోసం తెరిచిన కొసలు పేరెంట్‌లో ఉండగా రెండో చైల్డ్‌ను ఫోర్క్ చేస్తే, అవి దానికీ వెళతాయి. మొదటి చైల్డ్‌కు ఇన్‌పుట్ పంపే పైప్‌ను మీరు మూసినా, రెండో చైల్డ్ దగ్గర ఇంకో ప్రతి ఉంది కాబట్టి మొదటిదానికి ఇన్‌పుట్ ముగిసినట్టు ఎప్పటికీ తెలియదు. ఒక్కొక్కటిగా మూసుకుంటూ పోవడం కంటే పుట్టుకతోనే క్లోజ్-ఆన్-ఎగ్జెక్ పెట్టడం మేలు. లినక్స్‌లో 2.6.27 నుంచి పైప్2 ఉంది, తెరిచేటప్పుడే ఆ ఫ్లాగ్ ఇవ్వవచ్చు. తెరిచాక ఎఫ్‌సీఎన్‌టీఎల్‌తో పెట్టవచ్చు గానీ, ఆ రెండు లైన్ల మధ్య ఇంకో థ్రెడ్ ఫోర్క్ చేస్తే కొస జారిపోతుంది. డూప్2 చేసిన కొత్త నంబరుకు ఈ ఫ్లాగ్ ఉండదు, మనకు కావాల్సింది కూడా అదే. ఒక్క మినహాయింపు గుర్తుంచుకోండి. పాత నంబరూ కొత్త నంబరూ ఒకటే అయితే డూప్2 ఏమీ చేయదు, ఫ్లాగ్ అలాగే ఉండిపోతుంది. పేరెంట్ స్టాండర్డ్ ఇన్‌పుట్, ఔట్‌పుట్ రెండూ మూసి ఉన్నప్పుడు పైప్ రాసే కొసకు 1 నంబరే రావచ్చు, అప్పుడు ఎగ్జెక్ తర్వాత చైల్డ్‌కు ఔట్‌పుట్టే ఉండదు.

స్టాండర్డ్ ఎర్రర్‌ను కూడా విడిగా పట్టుకోవాలనుకుంటే ఒకటి పూర్తిగా చదివి రెండోది చదవడం కుదరదు. మీరు మొదటిదాని దగ్గర ఉండగా రెండోది నిండుతుంది, మళ్లీ పాత కథే. పోల్ వాడి, ఏది సిద్ధంగా ఉంటే అది చదవండి. చైల్డ్‌కు ఇన్‌పుట్ కూడా పంపుతుంటే రాసే కొసను నాన్-బ్లాకింగ్‌గా (రైట్ ఆగిపోకుండా వెంటనే తిరిగొచ్చేలా) పెట్టి దాన్నీ అదే పోల్‌లో చేర్చండి. చైల్డ్ మధ్యలో పోతే మీ రైట్ వల్ల సిగ్‌పైప్ సిగ్నల్ వస్తుంది, దాన్ని ఇగ్నోర్ చేయకుండా, పట్టుకోకుండా వదిలేస్తే పేరెంట్ చచ్చిపోతుంది.

జాంబీల దగ్గరకు వద్దాం. ఆ పేరు వినగానే టెన్షన్ పడక్కర్లేదు. చైల్డ్ ముగిశాక కెర్నల్ దాని మెమరీనీ డిస్క్రిప్టర్లనీ విడుదల చేస్తుంది. పీఐడీ, ముగింపు స్థితి, ఎంత సీపీయూ వాడిందన్న లెక్క మాత్రం ఒక చిన్న నమోదుగా ఉంచుతుంది, పేరెంట్ వచ్చి అడుగుతుందని. వెయిట్‌పీఐడీ పిలవడమంటే ఆ నమోదును తీసుకుని కొట్టేయడం. జాంబీని కిల్ కమాండ్‌తో 9 ఇచ్చి చంపడానికి ప్రయత్నిస్తున్నానన్నారు. అది అప్పటికే ముగిసిన ప్రాసెస్, చంపడానికి ఏమీ మిగల్లేదు. పేరెంట్ వెయిట్ చేయాలి, లేదా పేరెంట్ పోవాలి. పేరెంట్ పోతే ఆ నమోదులు 1వ నంబరు ప్రాసెస్‌కు వెళతాయి, అది కొట్టేస్తుంది.

వెయిట్‌పీఐడీ ఇచ్చే స్థితిని నేరుగా ఎగ్జిట్ కోడ్‌గా వాడారు, అందుకే మీకు 1కి బదులు 256 కనిపిస్తోంది. ముందు డబ్ల్యూ-ఇఫ్-ఎగ్జిటెడ్ మ్యాక్రోతో అది తనంతట ముగిసిందో లేదో చూడాలి, అప్పుడే డబ్ల్యూ-ఎగ్జిట్-స్టేటస్ మ్యాక్రోతో కోడ్ తీయాలి. సిగ్నల్ వల్ల పోయి ఉంటే డబ్ల్యూ-ఇఫ్-సిగ్నల్డ్, డబ్ల్యూ-టర్మ్-సిగ్ చూడాలి. ఈ రెండోదాన్ని చాలామంది రాయరు. చైల్డ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పోయినా వాళ్ల లాగ్‌లో ఎగ్జిట్ కోడ్ 0 అని పడుతుంది. కోడ్‌లో కింది 8 బిట్లే పేరెంట్‌కు చేరతాయన్నదీ మరవకండి. చైల్డ్ 256తో ముగిస్తే మీకు 0 అందుతుంది, -1తో ముగిస్తే 255. అందుకని ఎన్ని తప్పులు జరిగాయన్న సంఖ్యను ఎగ్జిట్ కోడ్‌లో పంపడం మంచిది కాదు.

పేరెంట్‌కు వేరే పని ఉండి వెయిట్ దగ్గర కూర్చోలేకపోతే సిగ్‌చైల్డ్ (చైల్డ్ ముగిసినప్పుడు పేరెంట్‌కు వచ్చే సిగ్నల్) కోసం హ్యాండ్లర్ రాస్తారు. అక్కడ ఒకసారి మాత్రమే వెయిట్‌పీఐడీ పిలవడం బాగా వ్యాపించిన తప్పు. మామూలు సిగ్నళ్లు వరసలో నిలబడవు. ఒకటి ఇంకా అందకుండా ఉండగా అదే సిగ్నల్ మళ్లీ వస్తే రెండూ కలిసి ఒకటే అవుతాయి. మూడు చైల్డ్‌లు దాదాపు ఒకేసారి పోతే ఒక్క సిగ్‌చైల్డే రావచ్చు. కాబట్టి ఆగకుండా వెంటనే తిరిగొచ్చే డబ్ల్యూ-నో-హ్యాంగ్ ఆప్షన్‌తో, ఇంకేమీ మిగల్లేదని తెలిసేదాకా లూప్‌లో పిలవాలి. హ్యాండ్లర్‌లోకి రాగానే ఎర్నోను దాచి, వెళ్లేముందు తిరిగి పెట్టాలి. లేకపోతే ప్రధాన కోడ్‌లో ఏదో కాల్ విఫలమై ఎర్నో చూసే లోపు అది మారిపోతుంది. ఆ తప్పు వారానికోసారి మాత్రమే కనిపించి మనిషిని నిద్రపోనివ్వదు.

సిగ్‌చైల్డ్‌ను ఇగ్నోర్‌కు పెడితే జాంబీలే రావని ఎవరో మీకు సలహా ఇచ్చినట్టున్నారు. నిజమే, యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోజిక్స్‌లో 2001 నుంచి అది ఉంది. కానీ అప్పుడు ముగింపు స్థితి మీకు అందదు. వెయిట్‌పీఐడీ చైల్డ్ పోయేదాకా ఆగి, చివరికి ఈచైల్డ్ (చైల్డ్ లేదు అనే) ఎర్రర్ ఇస్తుంది. ఇంకో లైబ్రరీ లోపల సిస్టమ్ గానీ పీక్లోజ్ గానీ వాడుతుంటే అవి కూడా తప్పుడు ఫలితం చెబుతాయి. ఫలితంతో పనిలేని చిన్న సర్వర్‌లో తప్ప నేను దాన్ని వాడను. అలాగే, -1 ఇచ్చి "ఏ చైల్డ్ అయినా సరే" అని వెయిట్ చేయడం ప్రధాన ప్రోగ్రామ్‌లో చెల్లుతుంది గానీ లైబ్రరీలో చెల్లదు. ఇంకొకరి చైల్డ్ స్థితిని మీరు లాగేసుకుంటారు.

ఇంకో మేలు కూడా చెప్పాలి. మీరు వెయిట్ చేసేదాకా ఆ పీఐడీ ఇంకెవరికీ ఇవ్వరు. అంటే ఆ నంబరుకు సిగ్నల్ పంపడం ఆ క్షణం వరకూ సురక్షితం. వెయిట్ అయిపోయాక అదే నంబరుకు కిల్ పిలిస్తే, అది అప్పటికి వేరే ప్రాసెస్ కావచ్చు. చాలా లినక్స్ యంత్రాల్లో పీఐడీ గరిష్ఠం చాలాకాలం 32,768గానే ఉండేది, అది తిరిగి రావడానికి ఎంతో సమయం పట్టదు. వెయిట్ చేయగానే వేరియబుల్‌లో -1 పెట్టి, కిల్‌కు ముందు పరీక్షించండి. ఆ పరీక్ష ఎందుకో పైన చెప్పాను. లినక్స్ 5.3 నుంచి పీఐడీఎఫ్‌డీ-ఓపెన్ కూడా ఉంది, ప్రాసెస్‌కు ఒక డిస్క్రిప్టర్ ఇస్తుంది. దాన్ని నేరుగా పోల్‌లో పెట్టుకోవచ్చు, కాబట్టి కొత్త కెర్నళ్ల మీద సిగ్నల్ హ్యాండ్లర్ అవసరమే తగ్గుతుంది.

టైమవుట్ అయితే చైల్డ్‌ను చంపాలన్నారు. ముందు ముగియమని అడిగే సిగ్‌టర్మ్ పంపి, కొన్ని క్షణాలు ఆగి, అప్పటికీ పోకపోతే తప్పించుకోలేని సిగ్‌కిల్. తర్వాత వెయిట్ తప్పనిసరి, చంపినంత మాత్రాన నమోదు పోదు. మీ చైల్డ్ ఒక షెల్ స్క్రిప్ట్ కాబట్టి ఇంకో చిక్కు ఉంది. స్క్రిప్ట్ పోయినా అది పుట్టించిన ప్రోగ్రామ్ బతికే ఉండవచ్చు. దాని దగ్గర మీ పైప్ రాసే కొస ఉంది, అందుకని చైల్డ్ పోయాక కూడా మీ రీడ్‌కు ముగింపు రాదు. చైల్డ్‌ను కొత్త ప్రాసెస్ గ్రూప్‌లో పెట్టి, గ్రూప్ నంబరుకు మైనస్ గుర్తు చేర్చి కిల్ పిలిస్తే ఆ గ్రూప్‌లో ఉన్నవన్నీ అందుకుంటాయి. సెట్‌పీజీఐడీని పేరెంట్‌లోనూ చైల్డ్‌లోనూ రెండు చోట్లా పిలవండి, ఎవరు ముందు నడుస్తారో తెలియదు కాబట్టి. దీనికి ఒక పర్యవసానం ఉంది. టెర్మినల్‌లో కంట్రోల్-సీ నొక్కితే ముందున్న గ్రూప్‌కే సిగ్నల్ వెళుతుంది, మీ చైల్డ్ ఇప్పుడు అందులో లేదు. ఆ సిగ్నల్‌ను పేరెంట్ పట్టుకుని చైల్డ్ గ్రూప్‌కు అందించాలి.

పేరెంటే ముందు పోతే చైల్డ్ దానితో పోదు, అనాథగా 1వ నంబరు కిందకు, లేదా సబ్‌రీపర్‌గా (అనాథలను చేరదీసేదిగా) నమోదైన పూర్వీకుడి కిందకు వెళుతుంది. లినక్స్‌లో పీఆర్‌సీటీఎల్‌తో "పేరెంట్ పోతే నాకు ఈ సిగ్నల్ పంపు" అని చైల్డ్ చెప్పుకోవచ్చు. అది చెప్పేలోపే పేరెంట్ పోయి ఉండవచ్చు కాబట్టి వెంటనే గెట్‌పీపీఐడీతో సరిచూడాలి. కంటైనర్‌లో మీ ప్రోగ్రామే 1వ నంబరు అయితే అనాథలన్నీ మీ దగ్గరికే వస్తాయి. మీరు పుట్టించని వాటికి కూడా మీరే వెయిట్ చేయాలి. లేదా ఆ పని కోసమే ఉన్న టినీ లాంటి చిన్న ఇనిట్‌ను ముందు పెట్టండి.

మీ ప్రోగ్రామ్‌కు థ్రెడ్లు చేర్చబోతున్నానని చివర్లో రాశారు. ఇక్కడ కఠినంగా ఉండక తప్పదు. ఫోర్క్ పిలిచిన థ్రెడ్ ఒక్కటే చైల్డ్‌లో ఉంటుంది, మిగతావి ఉండవు. కానీ ఆ క్షణాన అవి పట్టుకున్న లాక్‌లు మాత్రం మూసి ఉన్నట్టే కాపీ అవుతాయి. వాటిని విడిపించాల్సిన థ్రెడ్ చైల్డ్‌లో లేనే లేదు. అందుకని పోజిక్స్ ప్రకారం అలాంటి చైల్డ్‌లో ఎగ్జెక్ వరకూ అసింక్-సిగ్నల్-సేఫ్ ఫంక్షన్లే (సిగ్నల్ హ్యాండ్లర్‌లో కూడా సురక్షితంగా పిలవగలవే) పిలవాలి. మెమరీ అడిగే మాలక్ ఆ జాబితాలో లేదు, ప్రింట్ఎఫ్ లేదు, సెట్‌ఎన్వ్ లేదు. ఆర్గ్యుమెంట్ల అర్రే, ఎన్విరాన్‌మెంట్ అన్నీ ఫోర్క్‌కు ముందే పేరెంట్‌లో తయారుచేసుకోండి. చైల్డ్‌లో డూప్2, క్లోజ్, సిగ్నల్ సర్దుబాటు, ఎగ్జెక్, అండర్‌స్కోర్ ఎగ్జిట్ మాత్రమే ఉండాలి. సిగ్నల్ సర్దుబాటు ఎందుకంటే, హ్యాండ్లర్లు ఎగ్జెక్‌తో పోతాయి గానీ, ఇగ్నోర్ చేసినవీ బ్లాక్ చేసినవీ కొత్త ప్రోగ్రామ్‌కు అలాగే వెళతాయి. మీరు సిగ్‌పైప్‌ను ఇగ్నోర్ చేసి ఉంటే మీ చైల్డ్‌కూ అదే వారసత్వం.

ఇంత జాగ్రత్త వద్దనుకుంటే, మీ అవసరానికి ఫోర్క్, ఎగ్జెక్ రెండు పనులూ ఒకే కాల్‌లో చేసే పోజిక్స్-స్పాన్ సరిపోతుంది. డిస్క్రిప్టర్ల మార్పులూ సిగ్నల్ మాస్కూ ప్రాసెస్ గ్రూపూ ముందే చెప్పి పిలవవచ్చు. లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.24 నుంచి అది పేరెంట్ మెమరీని చైల్డ్‌తో పంచుకుంటూ, ఎగ్జెక్ అయ్యేదాకా పిలిచిన థ్రెడ్‌ను ఆపి పనిచేస్తుంది. పేజ్ టేబుల్ కాపీ ఉండదు కాబట్టి గిగాబైట్ల మెమరీ ఉన్న ప్రాసెస్‌లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. అయినా ముందు ఫోర్క్‌తో ఒకసారి సరిగ్గా రాయండని నా మాట. లోపల ఏం జరుగుతుందో తెలిసిన చేతికే స్పాన్ బాగా పనికొస్తుంది.

మీ ఫైల్‌లో మార్పులు ఈ వరసలో చేయండి. ఫోర్క్‌కు ముందు ఫ్లష్, ఫోర్క్ తర్వాత -1 పరీక్ష, రెండు వైపులా అక్కర్లేని కొసల మూత, చైల్డ్ చివర అండర్‌స్కోర్ ఎగ్జిట్, పేరెంట్‌లో చదివాక వెయిట్. వెయిట్‌పీఐడీ ఈఐఎన్‌టీఆర్ ఎర్రర్‌తో వెనక్కి వస్తే మళ్లీ పిలవండి. అది వైఫల్యం కాదు, మధ్యలో సిగ్నల్ వచ్చిందంతే. ఏదైనా ఆగిపోతే, ప్రోగ్రామ్ కెర్నల్‌ను పిలిచే ప్రతి కాల్‌నూ చూపే ఎస్‌ట్రేస్‌ను ఎఫ్ ఆప్షన్‌తో నడపండి, చైల్డ్‌లను కూడా అనుసరిస్తుంది. ఎవరి దగ్గర ఏ కొస మిగిలిందో ప్రాక్ కింద ఆ పీఐడీ ఫోల్డర్‌లో ఎఫ్‌డీ అనే చోట కనిపిస్తుంది. మీ లోపాల్లో సగం అక్కడే దొరికేవి.

తర్వాత మీ స్క్రిప్ట్ స్థానంలో మూడు రకాల ప్రోగ్రామ్‌లు పెట్టి, ప్రతిసారీ ఔట్‌పుట్‌ను ఫైల్‌కు మళ్లించి నడపండి. ఒక మెగాబైట్ రాసే ప్రోగ్రామ్ పెడితే ఒక్క బైటు తగ్గకుండా అందాలి. లేని పేరు ఇస్తే "మొదలవుతోంది" ఒక్కసారే పడాలి, విఫలమైన కారణం పేరెంట్ చెప్పాలి. తనను తాను సిగ్‌కిల్‌తో చంపుకునే ప్రోగ్రామ్ పెడితే ఎగ్జిట్ కోడ్ అని కాకుండా సిగ్నల్ 9 అని మీ లాగ్‌లో రావాలి. మూడింటి తర్వాతా పేరెంట్ ఇంకా నడుస్తుండగా పీఎస్‌లో ఒక్క డిఫంక్ట్ కూడా ఉండకూడదు. ఏదైనా ఒకటి తేడా వస్తే మారిన కోడ్‌నూ ఎస్‌ట్రేస్ చివరి పది లైన్లనూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.